ఊరి పేరు వేయని ఫీచరు

నేను రాసిన మొదటి ఫీచరు 1986లో అచ్చయింది. నలుగురూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అప్పుడు గుంటూరులో జర్నలిజం డిప్లొమా చదువుతున్నాను. క్లాసులు సాయంత్రం. పగలంతా ఒక మిరపకాయల కొట్టులో బస్తాల మీద ముద్రలు వేసే పని. పొద్దుటినుంచీ తుమ్మి తుమ్మి, ఎర్రబడ్డ కళ్లతో క్లాసులో కూర్చుంటే రెప్పలు వాటంతటవే వాలిపోయేవి. మాకు పాఠం చెప్పే మార్కు మాష్టారు ఇరవై ఏళ్లు పత్రికలో పనిచేసి వచ్చిన మనిషి. "నిద్రపోయేవాడు విలేఖరి ఎలా అవుతాడయ్యా సుభానీ?" అంటూ సుద్దముక్క విసిరేవారు. ఆ ఏడు ఆఖరి పరీక్షకు బదులు తలా ఒక ఫీచరు రాసుకు రమ్మన్నారు. బాగున్నదాన్ని ఆదివారం అనుబంధానికి పంపిస్తానన్నారు.

"బాగా తెలిసిందే రాయండి. తెలియనిది రాసి నా ప్రాణం తియ్యకండి" అని కూడా అన్నారు.

నాకు బాగా తెలిసింది ఒక్కటే. మా ఊరి నీళ్లు.

మాది కనిగిరి అవతల నల్లగుంటపాలెం. ఊరంతటికీ రెండు బోరింగులు. రెండింట్లోనూ ఫ్లోరిన్ నీళ్లే. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి. ముప్పై దాటితే నడుం బిగుసుకుపోతుంది. నలభై దాటితే మెడ వంగిపోతుంది. ఇంత జరుగుతున్నా ఆ సంగతి మేం పైవాళ్లతో అనం. తెలిస్తే మా ఊరికి పిల్లనివ్వరు. అప్పటికే ఊళ్లో ముప్పై దాటిన పెళ్లికాని మగవాళ్లు పదకొండుమంది ఉన్నారు. వాళ్లలో మా అన్న ఖాదర్ వలి ఒకడు.

దూదేకి పరుపులు కుట్టడం మా ఇంటి పని. నాన్న పోయాక ఆ పని చేసే అన్న నన్ను చదివించాడు. ముప్పై రెండో ఏటికే వాడి మెడ కుడిపక్కకు తిరగడం మానేసింది. ఎవరైనా అడిగితే, "పరుపుల పని కదండీ, పట్టేసింది" అనేవాడు. ఆ అబద్ధం వాడికి చాలాకాలం పనికొచ్చింది.

కొట్టులో రెండు రోజులు సెలవడిగి, ఒంగోలులో ఒక బస్సూ పొదిలిలో ఒక బస్సూ మారి ఊరికి వెళ్లాను. నోటుబుక్కు పట్టుకుని ముందుగా మా వీధి చివర ఆదెమ్మ ఇంటికి పోయాను. కూలికి పోయే మనిషి. నలభై ఐదేళ్లు కూడా లేవు, గడ్డం పోయి రొమ్ముకు ఆనుకుంది.

"ఆదెమ్మత్తా, నీ మెడ ఎప్పటినుంచి వంగింది?"

"ఏరా, ఊళ్లోకి కొత్తగా వచ్చినోడల్లే అడుగుతన్నావే? నీ చీమిడి ముక్కు తుడిచిందాన్ని, నన్నే కొచ్చెన్లేస్తన్నావా?"

"పేపరు కోసం అత్తా. నీ నోటితో చెప్పాలి."

"పేపర్లో ఏస్తే మంచినీళ్లొస్తయ్యా?"

"రావచ్చు."

"అట్టయితే రాస్కో. మడిసి మొకం చూడాలంటే నేను గోడకానుకోని వెనక్కి వాలాల. రాశావా? నాదెట్టాగూ అయిపోయింది. మా రెబ్కాకి నాలుగో ఏడు. నా కొడుకు కూతురు. దాని కాళ్లప్పుడే దొడ్డికాళ్లు తిరిగినయ్. దానికన్నా మంచినీళ్లు రావాల. నా పేరెయ్యి, ఊరి పేరెయ్యి. నాకిప్పుడేమన్నా పెళ్లా, పెడాకులా?"

ఆ పూట పది ఇళ్లు తిరిగాను. అందరూ చెప్పారు. చెప్పినవాళ్లంతా చివర్లో నా చెయ్యి పట్టుకుని, ఊరి పేరు మాత్రం వద్దన్నారు. ప్రెసిడెంటుకు పెళ్లికాని కొడుకులు ఇద్దరు. ఆయన చెయ్యి పట్టుకోలేదు, కాళ్లు విరగ్గొడతానన్నాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర అమ్మ నా పక్కన చతికిలబడింది.

"అన్నకి వేటపాలెం నుంచి సమ్మందం వచ్చిందిరా. పిల్ల జహీరున్నీసా పదో తరగతి దాకా చదివిందంట. వాళ్ల నాయన జీడిపప్పు బట్టీలో మేస్త్రీ. సముద్రం పక్కనోళ్లు, మన నీళ్ల సంగతి ఎరగరు. నాయనా, ఊరి పేరు ఎయ్యబాక."

నేను అన్న వైపు చూశాను. వాడు ముద్ద కలుపుతూ, "నీ చదువు సంగతి నాకేం తెలుసురా? నీకేది మంచిదనిపిస్తే అది రాసుకో" అన్నాడు.

తిట్టినా బాగుండేది. వాడు అలా అన్నాక ఇంకేం రాస్తాను?

గుంటూరు తిరిగొచ్చి నాలుగు రోజులు కూర్చుని రాశాను. ఊరు 'మెట్ట ప్రాంతంలో ఒక గ్రామం' అయింది. ఆదెమ్మ 'ఒక వృద్ధురాలు' అయింది. మార్కు మాష్టారు రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"ఊరి పేరేదయ్యా?"

"వద్దన్నారండీ."

"పేరు లేకపోతే పోస్టుకార్డు కూడా చేరదు. నీళ్లిచ్చేవాడు ఎక్కడికి రావాలి?"

వాదించే ఓపిక లేదు. అసలు ఆయన కోప్పడి, ఊరి పేరు తనే రాసేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఇది పిరికితనం. రాత బాగుంది కాబట్టి పంపిస్తున్నాను" అన్నారాయన.

జులైలో అచ్చయింది. మా అన్న సంబంధం ఖాయం చేసుకోవడానికి వేటపాలెం వాళ్లు వస్తున్నారంటే పేపరు జేబులో పెట్టుకుని ముందురోజే ఊరికి వెళ్లాను. ఆదెమ్మ నా కోసం గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"చదవరా, నా పేరెక్కడేశారో."

ఆమెకు చదువు రాదు. గోడకు ఆనుకుని వెనక్కి వాలి, కళ్లు నా మీద పెట్టింది. నేను పేపరు విప్పి చదివాను. 'ఒక గ్రామం' అని ఉన్నచోట నల్లగుంటపాలెం అన్నాను. 'ఒక వృద్ధురాలు' అని ఉన్నచోటల్లా ఆదెమ్మ అన్నాను. చదివించుకుని, నా నెత్తిన చెయ్యి పెట్టింది. అంత సిగ్గు నేను ఎప్పుడూ ఎరగను. అయినా చదివిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు పదింటికి పెళ్లివాళ్లు దిగారు. మెడలు వంగినవాళ్లెవరూ సాయంత్రం బస్సు పోయేదాకా బయటికి రాకూడదని ప్రెసిడెంటు ముందే చాటింపు వేయించినంత పని చేశాడు. ఆదెమ్మ మాట వినదని ఆమె కొడుకే బయటినుంచి గొళ్లెం పెట్టాడు. పెళ్లివాళ్లకు మంచినీళ్లు అడిగే సందు ఇవ్వకుండా గోలీసోడాలు కొట్టి ఇస్తూనే ఉన్నాం. అన్న పళ్లు కనపడకుండా పెదాలు బిగించి కూర్చున్నాడు. పిల్ల తండ్రి మాత్రం, "అబ్బాయి నెమ్మదస్తుడు" అని మురిసిపోయాడు.

అప్పుడొచ్చింది జీపు. కుర్ర ఇంజనీరు ఒకాయన దిగాడు. చేతిలో నా ఫీచరు కత్తిరింపు.

"ఇందులో రాసింది ఈ చుట్టుపక్కల ఊరేనని కనిగిరిలో చెప్పారు. నీళ్ల ట్యాంకుకి పేరు పంపించాలి. మీ ఊరేనా?"

వేటపాలెం వాళ్లు మా మొహాలు చూస్తున్నారు. ప్రెసిడెంటు లేచి నవ్వాడు.

"మా ఊరా? భలేవారండీ! మా నీళ్లు కొబ్బరినీళ్లు కదండీ!"

వీధి చివరినుంచి తలుపు దబదబా బాదుతున్న చప్పుడు. వెంటనే ఆదెమ్మ గొంతు.

"అయ్యా! ఈ ఊరేనయ్యా! పేపర్లో నా పేరుందయ్యా! ఆదెమ్మ! చూస్కోయ్యా!"

ఇంజనీరు కత్తిరింపు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికాడు. మళ్లీ వెతికాడు.

"ఆదెమ్మ అనే పేరు ఇందులో లేదే."

"మతి చెడిన మనిషండీ. పాపం, కట్టడి చెయ్యలేక తలుపేశారు" అన్నాడు ప్రెసిడెంటు.

ఇంజనీరు మా అందరి వైపూ చూశాడు. నేను ఆయనకు నాలుగడుగుల దూరంలో సోడా సీసా పట్టుకుని నిలబడి ఉన్నాను. అది రాసింది నేనేనండీ అంటే చాలు. నోరు రాలేదు. అన్న నా వైపు చూడాలనుకున్నాడేమో, మెడ తిరగక ముందుకే చూస్తూ ఉండిపోయాడు. జీపు వెళ్లిపోయింది. ఆదెమ్మ చాలాసేపు తలుపు బాదింది.

ఆ జీపు అక్కణ్ణుంచి రెండు మైళ్ల అవతల వెంకంపల్లికి పోయింది. వాళ్ల నీళ్లూ మంచివేం కావు. వాళ్లు మాత్రం వంగినవాళ్లందర్నీ రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి, పేపర్లో ఊరు మాదేనన్నారు. ఏడాది తిరక్కుండా వాళ్లకు ట్యాంకు కట్టారు.

మా అన్న నిఖా ఆ సెప్టెంబరులోనే అయింది. నాకు డిప్లొమాలో ఫస్టు క్లాసు వచ్చింది. ఆదెమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నేను వీధిలో కనపడితే రెబ్కాను చంకనేసుకుని లోపలికి పోయేది. నాలుగేళ్లు దాటిన పిల్లను ఎందుకు ఎత్తుకు తిప్పుతున్నావని ఆమెను ఎవరూ అడిగేవారు కాదు.

మరుసటేడు దసరా సెలవులకు ఊరికి వెళ్లాను. వదినకు అయిదో నెల. రోజూ వెంకంపల్లి దాకా పోయి ట్యాంకు నీళ్లు తెస్తోంది. ఆ మధ్యాహ్నం బిందె దింపి, కొంగుతో మొహం తుడుచుకుని, నా ఎదురుగా అరుగు మీద కూర్చుంది. మామూలుగా నన్ను ఆటపట్టిస్తూ మాట్లాడే మనిషి, ఆ రోజు నవ్వలేదు.

"ట్యాంకు దగ్గర ఆడాళ్లు చెప్పి నవ్వుతున్నారు సుభానీ. ఆ పేపర్లో రాసింది ఈ ఊరి సంగతేనంటగా. రాసింది నువ్వేనంటగా."

"అవును వదినా" అన్నాను. ఆమెతో కూడా అబద్ధమాడే ఓపిక ఇంక లేదు.

ఆమె చెయ్యి కడుపు మీద పెట్టుకుని కూర్చుంది.

"ఆ ఆదివారం మా నాన్న దాన్ని పైకి చదివి మా అందరికీ వినిపించాడు. మా అమ్మ ఏడ్చింది. పాపం, తెలిసి తెలిసి ఆ ఊరికి ఏ తల్లి పిల్లనిస్తదో అని."

చెప్పి, బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లింది.