నేను ‘కాస్త’ అన్నాను

“నేను కాస్త అన్నాను!” అని ముద్దాయి లేచి అరిచాడు.

గాజు గదిలో మైకు ముందున్న నేను దాన్ని కోర్టు భాషలోకి మార్చి, “నేను కొంచెమే మాట్లాడాను” అని చెప్పేశాను. జడ్జీలు ముగ్గురూ మూడు దేశాలవాళ్ళు. ఒక్కరికీ మా భాష రాదు. పెద్ద జడ్జి విసుక్కున్నాడు.

“మీరెంత మాట్లాడారని ఎవరూ అడగలేదు. కూర్చోండి.”

ముద్దాయి కూర్చున్నాడు. యుద్ధంలో అతను లారీల దళానికి కెప్టెన్. అతని మీద గట్టి సాక్ష్యం ఒక్కటే. వైర్‌లెస్‌లో కాపలావాళ్ళకు పంపిన మాట: “షెడ్డులో ఉన్నవాళ్ళ సంగతి చూడండి.” మర్నాటికి షెడ్డులోని పదకొండు మంది ఖైదీలూ శవాలయ్యారు. కాపలావాళ్ళు పరారీ. దొరికింది ఈ మనిషి, ఈ మాట. కోర్టు కాగితాల్లో అది “అంతు చూడండి” అయింది. ఆరు నెలలుగా అతను “నేనలా అనలేదు” అంటూనే ఉన్నాడు. ఏ ముద్దాయి అనడు కనక?

ప్రాసిక్యూటర్ మేడమ్ టేపు మళ్ళీ వేయించింది. ఈసారి గరగర తీసేసిన కొత్త కాపీ. అనువాదం మాత్రం జడ్జీల ముందున్న పాత కాగితమే.

“షెడ్డులో ఉన్నవాళ్ళ సంగతి కాస్త చూడండి.”

సంగతి చూడండి అంటే నాలుగు తగిలించమనో, ఇంకా దారుణమో. సంగతి కాస్త చూడండి అంటే తిన్నారో లేదో కనుక్కోమని. ఇందాక అతను అరిచింది ఆ ఒక్క మాట గురించే. దాన్నీ నేను పాడుచేశాను.

ఆ టేపును రెండేళ్ళ కిందట కాగితం మీద పెట్టింది కూడా నేనే. మా విభాగంలో ఒక అలవాటుంది. ‘మరి’, ‘ఏదో’, ‘కాస్త’ లాంటివి ఊతపదాలని వదిలేస్తాం, జడ్జీలకు చదవడం సులువని. అప్పట్లో ఆ మాట గరగరలో వినపడలేదా, వినపడినా వదిలేశానా? నాకే తెలియదు.

మైకు కట్టేసి పక్కకు తిరిగాను. ఈ పని నాకు నేర్పిన మాస్టారు అక్కడే ఉన్నాడు. అరగంటకొకసారి ఇద్దరం మారుతుంటాం.

“మాస్టారూ, విన్నారా?”

“విన్నాను.”

“మరి?”

“మరీ లేదు, గిరీ లేదు. పన్నెండింటికి సాక్ష్యాలు ముగించేస్తారు, ఆ తర్వాత ఆ కాగితం ఎవరూ తిరగేయరు. ఆ కాగితం కింద సంతకం ఎవరిదో గుర్తుందా?”

“నాదే.”

“అందుకే నోరు మూసుకోమంటున్నా. కాస్తకి విలువ కాస్తేనమ్మాయ్.”

పది నిమిషాల విరామం ఇచ్చారు. వరండాలోకి రాగానే అక్క ఫోన్. బావ ఆ యుద్ధంలోనే పోయాడు. వేరే ఊళ్ళో, వేరే దళం చేతిలో. ఆ సంగతి రాసిచ్చాకే కోర్టు నన్ను పనిలోకి తీసుకుంది. కానీ అక్కకు ఆ దళాలన్నీ ఒక్కటే.

“ఏమే, వాడికి ఎన్నేళ్ళు పడుతుంది?”

“ఇంకా తీర్పు రాలేదక్కా.”

“తీర్పు దాకా ఎందుకు? వాడి మొహం చూస్తే తెలియట్లా?”

“అక్కా, ఒకటడుగుతాను. ‘మావాళ్ళ సంగతి కాస్త చూడండి’ అని ఎవరైనా అంటే...”

“ఎవరైనా ఏంటే, మీ బావే అనేవాడు! డ్యూటీకి వెళ్ళిన ప్రతిసారీ పక్కింటి పిన్నిగారికి మమ్మల్ని అలాగే అప్పజెప్పి వెళ్ళేవాడు. ఎందుకూ?”

“ఊరికే” అన్నాను. ఫోన్ పెట్టేశాను.

లోపలికి వచ్చేసరికి పదకొండూ యాభై. పెద్ద జడ్జి కళ్ళజోడు సర్దుకుని, “ఇక సాక్ష్యాలు...” అని మొదలుపెట్టాడు. నేను మైకు మీట మీదికి చెయ్యి చాచాను. నాకంటే ముందే మాస్టారు దాని మీద అరచెయ్యి పెట్టేశాడు.

“ఉద్యోగం పోతుంది.”

“తెలుసు.”

“మీ అక్కకేం చెప్తావ్?”

“తెలీదు మాస్టారూ. చెయ్యి తియ్యండి.”

తీశాడు.

“అనువాదకురాలి సవరణ” అన్నాను మైకులో. తేదీనో అంకెనో తప్పు చెప్పినప్పుడు మేం వాడే మాట అది. అందరూ తాపీగా తలెత్తారు. నేను చెప్పడం మొదలుపెట్టాక ఎవరూ తల దించలేదు.

ప్రాసిక్యూటర్ మేడమ్ చురుకైంది. “ఆ పదం ఉంటే అది బెదిరింపు కానే కాదంటారా?”

“కావచ్చు. వెటకారంగా అంటే మామూలు బెదిరింపు కన్నా ఘోరం. గొంతు విని తేల్చాలి. కానీ తేల్చాల్సింది నేను కాదు. తప్పు చేసింది నేనే.”

జడ్జీలు ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు. తర్వాత ఆదేశం వచ్చింది. పాత కాగితం పక్కన పెట్టాలి. దాన్ని చూడని ఇద్దరు కొత్తవాళ్ళు టేపు విడివిడిగా వినాలి. అప్పటిదాకా సాక్ష్యాలు ముగియవు. నన్ను ఈ కేసు నుంచి తప్పిస్తున్నారు.

ముద్దాయి చెవుల్లోని హెడ్‌ఫోన్ రెండు చేతులతో అదిమి పట్టుకుని మాస్టారి గొంతులో అదంతా విన్నాడు. తర్వాత లేచి, ఈసారి అరవకుండా అన్నాడు: “లారీలో రొట్టెల సంచీ కూడా పంపించానండీ. దాని గురించి నన్నెవరూ అడగనే లేదు.”

మాస్టారు ‘అండీ’తో సహా ఏదీ వదలకుండా చెప్పాడు.

గుమస్తాకు బ్యాడ్జీ అప్పగించి మెట్లు దిగుతుంటే మళ్ళీ అక్క. టీవీలో అంతా చూసేసింది.

“నువ్వసలు మా మనిషివేనా?”

“నీ చెల్లెల్నే.”

“మీ బావ మాట తీసుకెళ్ళి వాడి నోట్లో పెడతావా?”

“నేను పెట్టలేదక్కా. వాడి నోట్లోనే ఉంది. తీసేసింది నేను.”

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

“రొట్టెలు పంపానన్నాడు” అంది చివరికి. “నిజమేనా?”

“తెలీదు. ఇప్పుడు అడుగుతారు.”