నురగ మీద కన్ను

నేను ఒక కెమెరాను. పెళ్లి ఫొటోలు తీసే రకం అనుకునేరు, నాకంత అదృష్టమా! పల్నాటి కొండల్లో ఓ సీసం మిల్లులో, తొట్టి మీద వేలాడుతూ నురగను చూడటమే నా బతుకు.

రాతిని పిండి చేసి, నీళ్లూ మందూ కలిపి, అడుగునుంచి గాలి కొడతారు. సీసం బుడగలను పట్టుకుని పైకొస్తుంది. ఆ బుడగల తీరు చూసి మందూ గాలీ ఎంత వదలాలో నేనే తేలుస్తాను. పూర్వం ఆ పని ఏసోబుది, మందూ గాలీ వదిలే చేతిచక్రాలు తిప్పేవాడు. నేనొచ్చాక మేనేజరు ఆ చక్రాలకు గొలుసు చుట్టించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. కొత్త వస్తువంటే మనుషులకు అంత గురి.

నా అద్దం తుడిచేది సామ్రాజ్యమ్మ. తొట్టి పక్కనున్న నడవా మీదనుంచి వంగి, పసిబిడ్డ ముక్కు తుడిచినట్టు తుడిచేది. ఆయుధపూజనాడు అన్ని మిషన్లకూ బొట్లు పెడుతూ నా దగ్గరికీ వచ్చింది. నన్నొక్కదాన్నీ వదిలేస్తే బాగుండదనుకుంది కాబోలు, అద్దం నిండా పసుపు పూసి కుంకం దిద్దింది. పాపం, ప్రేమతోనే.

నాకు బుడగలు కనిపించడం మానేశాయి. నురగ చచ్చిందనుకుని మందు పెంచాను, గాలి పెంచాను. నురగ తొట్టి అంచు దాటి నడవా మీదికి పొర్లింది. నాకు చాలలేదు, ఇంకా పెంచాను. ఏసోబు తాళంచెవి కోసం పరుగెత్తాడు. మేనేజరు గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టిస్తున్నాడు, ఆ జనంలో దొరకలేదు. ఈలోగా సామ్రాజ్యమ్మకు సంగతి అర్థమై, కొంగుతో నన్ను తుడవబోయింది. సగం అద్దం తేటపడింది. ఆమె మొహం కనిపించింది. అంతలో కాలు జారి తొట్టిలో పడింది.

గాలి నిండిన ఆ నీళ్లలో ఈతొచ్చినవాళ్లు కూడా తేలరు. నాకు నురగలో నల్ల మచ్చ ఒకటి కనిపించింది. మచ్చ కనిపిస్తే అక్కడ నురగ పలచబడ్డట్టేనని, గాలి పెంచమని నాకు నేర్పారు. పెంచాను.

ఒట్టి చేతులతో తిరిగొచ్చిన ఏసోబు సుత్తితో తాళం పగలగొట్టి గాలి కట్టేశాడు. బుడగలు ఆగి నీళ్లు మళ్లీ మనిషిని మోశాయి, చెయ్యొకటి పైకి లేచింది. పట్టుకుని లాగాడు. బతికింది.

తాళం పగలగొట్టమని ఎవరు చెప్పారని మేనేజరు నిలదీశాడు.

"మడిసి మునిగిపోతంటే మిమ్మల్ని ఎక్కడని ఎతకమంటారు సార్?" అన్నాడు ఏసోబు.

అతనికి మెమో ఇచ్చారు. నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా మిల్లు పెంచుతున్నారు. కొత్త తొట్లన్నిటి మీదా నాలాంటి కళ్లే ఉంటాయట, చేతిచక్రాలే ఉండవట.

మళ్లీ దసరా వస్తోంది. సామ్రాజ్యమ్మ ఒక చేత్తో కమ్మీని గట్టిగా పట్టుకుని నన్ను తుడుస్తోంది. నల్ల మచ్చ కనిపిస్తే గాలి పెంచాలన్న పాఠం మాత్రం నాలో ఇంకా ఎవరూ మార్చలేదు.