మూడో పేరు

కోడలు రోజారాణి ఈత నేర్చుకుంటోందన్న సంగతి కొత్తగూడెంలో అందరికంటే ఆఖరున తెలిసింది ఉప్పలమ్మకే. అది కూడా నల్లా దగ్గర, నలుగురి నోటా.

"మొగుడు పోయి రెండేండ్లన్న కాకపాయె, ఒంటికి అతుక్కునే బట్టలేసుకొని గోదాట్ల దుంకుతుందట" అని ఒకామె అంటే, ఇంకొకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఉప్పలమ్మ సగం నిండిన బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది.

ఆమె కొడుకు చందర్ బొగ్గు గనిలో ఫిట్టర్. మెదడు మలేరియా వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. పిల్లల్లేరు. అతని ఉద్యోగానికి బదులు రోజారాణికి గని ఆఫీసులో క్లర్కు పని ఇచ్చారు. క్వార్టర్లో అత్తా కోడలూ ఇద్దరే మిగిలారు. పుట్టింటివాళ్లు రమ్మని ఎన్నిసార్లు కబురు పెట్టినా రోజారాణి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఉప్పలమ్మ ఎప్పుడూ అడగలేదు. అడిగితే నిజంగానే వెళ్లిపోతుందేమోనని ఆమె భయం.

పొద్దున్నే గ్రౌండులో పరుగెత్తడం వరకు ఉప్పలమ్మకు తెలుసు. కంపెనీ ఆటల పోటీల్లో కోడలు పరుగులో గెలిచి స్టీలు డబ్బాలు తెచ్చింది కూడా. కానీ గోదావరేమిటి?

ఆ ఆదివారం ఎవరికీ చెప్పకుండా భద్రాచలం బస్సెక్కింది. కరకట్ట దిగి ఇసుకలో నడుచుకుంటూ పోతే, దూరంగా నీళ్లలో ఒక నల్లని తల, ఒకదాని తర్వాత ఒకటి లేచే రెండు చేతులు కనిపించాయి. ఒడ్డున ఎల్లస్వామి నిలబడి ఉన్నాడు. గనిలో ప్రమాదాలైనప్పుడు లోపలికి దిగి మనుషులను కాపాడే దళంలో పనిచేసి రిటైరైన మనిషి; కోడలికి ఈత నేర్పేది ఆయనే. అతను ఉప్పలమ్మను చూసి దండం పెట్టి పక్కకు జరిగాడు.

రోజారాణి నీళ్లు కారుతూ బయటికొచ్చి అత్తను చూసింది. తువ్వాలు అందుకుని భుజాల చుట్టూ కప్పుకుంది.

"ఏంది బిడ్డా ఈ పని?"

"నీళ్లల్ల ఉన్నంతసేపు నన్నెవ్వలు ఏమడగరు అత్తమ్మా." రోజారాణి తల దించుకునే చెప్పింది. "ఆఫీసుల అడుగుతరు, బస్సుల అడుగుతరు. ఇంకా ఆ ముసలామెతోని ఎందుకున్నవ్ అని అడుగుతరు. ఏం చెప్పాలె?"

ఉప్పలమ్మ దగ్గరికి జరిగింది. తాను అడగలేకపోయిన మాట ఊరంతా అడుగుతోందన్నమాట. కొంగుతో కోడలి తల తుడుస్తూ, "జుట్టు తడిగుంటే సర్ది జేస్తది" అన్నది.

మరుసటి ఆదివారం నుంచి ఒక జాలరి పడవ మాట్లాడుకుని ఉప్పలమ్మ అందులో కూర్చునేది. పడవ ముందు, కోడలు వెనక. "కుడి దిక్కు సుడున్నది, ఎడమకు రా" అని అరిచేది. నల్లా దగ్గర ఎవరైనా నోరు విప్పబోతే, "అవ్, నా కోడలు ఈదుతది. నీ కోడలుకొస్తదా?" అనడం కూడా నేర్చుకుంది.

రోజారాణి మనసు పడ్డ పోటీ మామూలుది కాదు. నాలుగు కిలోమీటర్లకు కొంచెం తక్కువ ఈత. ఒడ్డుకు రాగానే నూట ఎనభై కిలోమీటర్లు సైకిలు; అంటే కొత్తగూడెం నుంచి భద్రాచలానికి రెండుసార్లు పోయొచ్చి, మళ్లీ పాల్వంచ దాటినంత. అది దిగాక నలభై రెండు కిలోమీటర్ల పరుగు. అన్నీ ఒక్క రోజులోనే. మొదటిసారి విన్నప్పుడు ఉప్పలమ్మ, "నడుమ అన్నానికి ఆపుతరా?" అని అడిగింది. ఆపరని తెలిసి చాలాసేపు బాధపడింది.

అలా మూడేళ్లు గడిచాయి. రెండువేల ఏడు ఫిబ్రవరిలో మలేషియాలోని ఒక దీవిలో పోటీకి రోజారాణి పేరిచ్చింది. యూనియన్ వాళ్లు, ఆఫీసు వాళ్లు తలా ఒక చెయ్యి వేశారు. వెంట ఎవరైనా ఒకరు వెళ్లవచ్చన్నారు. ఎల్లస్వామి తానుగా తప్పుకున్నాడు. "నేను పోతే గడియారం జూస్త. ఉప్పలమ్మ పోతే పిల్లను జూస్తది" అన్నాడు.

పోటీ రోజు ఉప్పలమ్మ ఒకే మలుపులో, ఒక కొబ్బరిచెట్టు కింద పొద్దంతా కూర్చుంది. కోడలు సైకిలు మీద మూడుసార్లు, పరుగులో నాలుగుసార్లు ఆ మలుపు దాటింది. పరుగులో మూడోసారి వచ్చినప్పుడు మొహం సున్నం కొట్టినట్టుంది. రోడ్డు పక్కన వంగి వాంతి చేసుకుంది. ఉప్పలమ్మ లేచి రెండడుగులు వేసి ఆగిపోయింది. బయటివాళ్లు సాయం పడితే పోటీలోంచి తీసేస్తారని ముందే చెప్పి ఉంచింది రోజారాణి. చేతులు వెనక్కి కట్టుకుని, "నెమ్మదిగ బిడ్డా, నెమ్మదిగ. నేనీడనే ఉన్న" అని మాత్రం అన్నది. రోజారాణి మూతి తుడుచుకుని మళ్లీ కదిలింది.

మొత్తం పదమూడు గంటల చిల్లర పట్టింది. ఆమె వయసు ఆడవాళ్లలో మూడో స్థానం.

మర్నాడు మధ్యాహ్నం ఒక హాల్లో మీటింగు ఉందన్నారు. రోజారాణి మంచం దిగనంది. "నాకెట్లాగు రాదు అత్తమ్మా, పోవుడెందుకు?"

"ఏంది రానిది? నాకు తెలిసేటట్టు చెప్పు."

రోజారాణి చెప్పింది. అసలు ప్రపంచ పోటీ అక్టోబరులో హవాయి దీవిలో జరుగుతుంది. దానికి ఎవరు పడితే వాళ్లు పేరివ్వడానికి లేదు. ఇలాంటి పోటీల్లో వయసుల వారీగా ముందొచ్చిన వాళ్లకే చోటు. ఆమె వయసు ఆడవాళ్లకు ఉన్నది ఒక్కటే. మొదటి మనిషి వద్దంటేనే రెండో మనిషికి, ఆమె కూడా వద్దంటే మూడో మనిషికి వస్తుంది. పిలిచినప్పుడు ఎదురుగా ఉండి ఒప్పుకోవాలి.

"బస్సుల సీటుకు కర్చీఫ్ ఏసినట్టు ఏస్తే నడవదన్నట్టు" అన్నది ఉప్పలమ్మ. "మనిషే ఉండాలె. మరి మనిషివి ఈడ పండుకుంటే ఎట్ల? లే."

హాలు నిండా జనం. ఉప్పలమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పేర్లు పిలుస్తున్నారని మాత్రం తెలుస్తోంది. వాళ్ల వరుస వచ్చింది. మొదట గెలిచిన జపాను ఆమె లేచి నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. ఆమెకు వేరే పోటీలోనే చోటు దొరికిందని రోజారాణి చెవిలో చెప్పింది. రెండో పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచారు. హాలంతా తలలు తిప్పి చూసింది. మూడోసారీ పిలిచారు. ఆమె అప్పటికే విమానం ఎక్కి వెళ్లిపోయిందట.

అప్పుడు మైకులో వంకరటింకరగా ఒక పేరు వినిపించింది. 'రోజా' అన్న ముక్క ఉప్పలమ్మకు అందింది.

"నిన్నే బిడ్డా!"

రోజారాణి కదల్లేదు. "ఈ ఏడు అధిక మాసం వచ్చింది గద అత్తమ్మా. పండుగలన్ని ఎనకబడ్డయి. క్యాలెండర్ల జూసిన. పెత్రమాస అక్టోబరులనే పడ్డది, నేను పోతే ఆ పొద్దు ఇంట్ల ఉండ."

పెత్రమాస అంటే పోయిన పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య. నాలుగేళ్లుగా ఆ రోజు ఇద్దరూ కలిసే చందర్ పేరు మీద బియ్యం, కూరగాయలు, పప్పు ఇస్తున్నారు. ఒక్కతే ఆ పని చేయడం ఎట్లా ఉంటుందో ఉప్పలమ్మకు క్షణంలో కళ్ల ముందు కదిలింది. మైకులో రెండోసారి పిలిచారు.

"బియ్యం నేనిస్త" అన్నది. "ఆడు నా కొడుకు గాదా? నేనియ్యలేనా? నువ్వు నాతోని ఉన్నవని, నిన్ను కట్టేసుకుంటనా? లే, చెయ్యి లేపు."

రోజారాణి అత్త చెయ్యి పట్టుకుని లేచింది. లేచిన ఊపులో ఇద్దరి చేతులూ కలిసే పైకి వెళ్లాయి. హాలు గొల్లుమని నవ్వింది. మైకు పట్టుకున్నాయన ఉప్పలమ్మ వైపు చూపిస్తూ ఏదో అన్నాడు. జనం ఈలలు వేశారు. రోజారాణి ఏడుస్తూ కాగితం మీద సంతకం పెట్టింది.

అక్టోబరులో పెత్రమాస నాడు ఉప్పలమ్మ తలస్నానం చేసి, చాటలో బియ్యం పోసి, చందర్‌కు ఇష్టమైన చిక్కుడుకాయలు ప్రత్యేకంగా కొని పెట్టి అయ్యగారికి ఇచ్చింది. అనుకున్నంత కష్టం కాలేదు. సాయంత్రం వాడకట్టు ఆడవాళ్లు ఆ రోజే మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే, అరుగు మీద కూర్చుని చూసింది.

నాలుగో రోజు, ఆదివారం మధ్యాహ్నం, సెల్‌ఫోన్ మోగింది.

"అత్తమ్మా, అయిపోయింది. పదిహేను గంటలైంది. గాలి మస్తు కొట్టింది, సైకిలు మీద పడిపోతననుకున్న. మా వయసోళ్లల్ల మస్తు ఎనకబడ్డ."

"పాణం మంచిగున్నదా?"

"ఉన్నది. కాళ్లే నావి గానట్టున్నయి."

"నీ ఎనక ఇంక ఎవలన్న ఉన్నరా?"

"ఉన్నరు. ముసలోళ్లు, కాలు లేనోళ్లు గూడ. ఇంకా వస్తనే ఉన్నరు."

"గట్లయితే నాతోని ఏం ముచ్చట్లే?" అన్నది ఉప్పలమ్మ. "ఫోను పెట్టి పో. ఆళ్లొచ్చేదాక నిలబడి చప్పట్లు కొట్టు."