ఎవరూ రికార్డు చెయ్యని చప్పుడు

మిక్సీ అయితే మూత బిగువుగా కూర్చుంటుందో లేదో తిప్పి చూసి కొనొచ్చు, దీన్ని ఏం చూసి కొంటారో మరి, ఇరవై నాబ్‌లూ నాలుగు ఎర్ర దీపాలూ ఒక నల్ల మీటా తప్ప ఇంకేమీ లేని ఈ డబ్బాని సింథసైజరంటారట, డ్రమ్ము చప్పుళ్ళని ఇందులో మొదటినుంచీ మనమే తయారు చేసుకోవాలట, కరుణ కంటికి మాత్రం లింగంపల్లిలో తమ అపార్టుమెంటు లిఫ్టు పక్కనుండే కరెంటు బోర్డుకి ఎవరో పై చదువులు చెప్పించినట్టుంది, అయినా తనకి నచ్చాల్సిన పనేముంది, కావాలన్నది ఆయన, పక్కన ఎత్తు స్టూలు మీద, కుడి చేతిని ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చిన సంచీలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నతానియేల్, ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చేదాకా ఇరవై ఆరేళ్ళు చర్చిలో డోలక్ వాయించిన మొగుడు, నాబ్‌లు తిప్పడం వేళ్ళకి మంచిదేనండి అంది ఫిజియోథెరపీ అమ్మాయి, దేవుడు ఎడమ చెయ్యి మిగిల్చాడు కదమ్మా అంది సంఘంలో రూతమ్మగారు, దేవుడు ఎవరికేం మిగిల్చాడో ఆవిడకి ఎప్పుడూ ముందే తెలుస్తుంది, ఈయనేమో నాలుగు నెలలుగా ఎడమ బొటనవేలితో ఫోన్లో ఇలాంటి డబ్బాల వీడియోలే చూశాడు, చూసి చూసి ఒకరోజు ఫోను ఆమె మొహం ముందు పెట్టి, ఊఁ అన్నాడు, అంతే, గచ్చిబౌలి దాకా ఆటో.

అది వద్దు అంకుల్, గిది జూడున్రి, అంటోంది షాపులో అఖిల, మెడలో బ్యాడ్జీ, గోళ్ళకి నల్లరంగు, దీంట్ల మూడువేల సౌండ్లు ముందుగాలనే రికార్డు చేసి పెట్టిన్రు, తబలా ఉన్నది, డప్పున్నది, పెండ్లి బ్యాండున్నది, జర వేలు ఆనిస్తె చాలు, ఆ నాబ్‌ల డబ్బాల అయితే ఉత్త కూత ఉంటది, దాన్ని చెక్కి చెక్కి డోలు చేసుకోవాలె, గంత పరేషానెందుకు, కరుణకీ అదే సబబనిపించింది, వండిన కూర ఎదురుగా ఉంటే వంకాయ విత్తనాలు కొంటారా ఎవరైనా, నతానియేల్ వేలు ఆనించాడు, డప్పు మోగింది, కాదు, అన్నాడు, తబలా మోగింది, కాదు, పక్షవాతం పట్టుకుపోగా ఆయనకి నికరంగా మిగిలిన మాటలు మూడే, ఊఁ, కాదు, కరుణ, ఆ కాదు అనేదొక్కటే ముత్యంలా పలుకుతుంది, అది ఎవరి ప్రార్థనల ఫలమో, అప్పుడు కరుణకి తన ఫోన్లో ఉన్న క్రిస్మస్ ఆరాధన వీడియో గుర్తొచ్చింది, ఆయన వాయించిందే, అఖిల దాన్ని తీసుకుని వైరు పెట్టి ఒక్క దెబ్బ కోసి మిషన్లోకి ఎక్కించింది, ఇగ మీ చెయ్యే అంకుల్, నొక్కున్రి, నొక్కాడు, స్పీకర్లోంచి నిరుటి కుడి చెయ్యి టకీమని మోగింది, బొద్దుగా, ఆరోగ్యంగా, ఆయన వేలు వేడి పెనం తగిలినట్టు వెనక్కొచ్చింది, కాదు, అన్నాడు, ఈసారి మెల్లగా, కరుణ తన ఫోను బ్యాగులో వేసేసుకుంది, ఏం చెయ్యాలో తెలియనప్పుడు బ్యాగు జిప్పు వెయ్యడం ఒక పని.

ఆయన నాబ్‌ల డబ్బా వైపు తిరిగాడు, ఇది తిప్పితే సౌండు లోతుకు పోతది అంకుల్, ఇది తిప్పితే దాని తోక తెగుతది, దీంతోని సన్నగ గరగర వస్తది, అఖిల చెబుతోంది, బుస్సుమంటున్న కూతలోంచి ఏదో దబ్ మంది, ఎడమ చెయ్యి ఎంత నిదానంగా తిప్పుతోందో, ఆ రోజు పనిచేసింది కూడా ఆ చెయ్యే, అక్కడికెళ్ళకు అని కరుణ మనసుకి చెప్పుకుంది, మనసు ఎప్పుడు విన్నది గనక, మార్చిలో మంగళవారం, పొద్దున్న ఏడు, వంటింట్లో కుక్కరు, ఆయన స్నానాల గదిలో, ఆ ప్లాస్టిక్ తలుపు మీద రోజూ ఏదో దరువు వెయ్యందే ఆయనకి స్నానమవదు, బకెట్టు, గ్యాస్ సిలిండరు, అన్నం కంచం, బస్సులో ముందు సీటు, ఆయన చెయ్యి పడని వస్తువు లేదు, పెళ్ళయిన కొత్తల్లో ముచ్చట, తర్వాత తలనొప్పి, ఆ రోజూ మోగింది, దబ్ దబ్ దబ్, ఆగి, దబ్, ఇది ఏ పాట దరువబ్బా, ఏ పాటకీ కుదరట్లేదే అనుకుంది కూడా, అనుకుని, గరిటె పట్టుకునే అరిచింది, చాల్లెండి, ఇక ఆపండి, పొద్దున్నే మొదలెట్టారు, అని, చప్పుడు ఆగింది, ఆహా, మొత్తానికి ఒక్కసారి నా మాట విన్నాడు మహానుభావుడు అనుకుని కాఫీ కలుపుకుంది, చల్లారబెట్టుకుని తాగింది, బైబిలు వాక్యం చదువుకుంది, నలభై నిమిషాలు, తర్వాత పిలిస్తే పలకలేదు, పక్కింటివాళ్ళొచ్చి తలుపు పగలగొట్టారు, కొంచెం ముందొస్తే చెయ్యి దక్కేదేమోనమ్మా అన్నాడు డాక్టరు, ఎప్పుడు పడిపోయారు, మీకేమైనా వినబడిందా, లేదండి, ఏమీ వినబడలేదు, కుక్కరు విజిల్స్ కదా, అంది కరుణ, స్ట్రెచరు మీద ఆయన కళ్ళు మూసుకునున్నాడు, ఆ అబద్ధమే రూతమ్మగారికి చెప్పింది, చర్చిలో మైకు ముందు చెప్పింది, చెప్పగా చెప్పగా నున్నబడింది, కానీ ఏడు నెలలుగా అన్నం కలిపి ముద్ద నోట్లో పెడుతున్నప్పుడల్లా ఆయన కళ్ళలోకి చూడకుండా గడ్డం చూస్తుంది, ఆ పొద్దున తన మాట ఆయనకి వినబడిందా, వినబడకముందే తెలివి తప్పిందా, అడిగితే తెలిసిపోతుంది, అందుకని అడగలేదు, అందుకని ఇడ్లీలు మెత్తగా వస్తున్నాయి, ఇస్త్రీ నలగట్లేదు, మాత్రలు నిమిషం తేడా లేకుండా వేళకి పడుతున్నాయి, ఎంత మంచి భార్యో అంటున్నారందరూ.

దబ్, ఇప్పుడు తోక తెగింది, ఇంకొంచెం లోతుకు దించాడు, పైన ఆ గరగర రవ్వంత కలిపాడు, దబ్, బోలుగా, పలచగా, చివర్లో వదులు గడియ అదిరినట్టు చిన్న గలగల, అచ్చం స్నానాల గది తలుపు, కరుణ చెయ్యి బ్యాగు జిప్పు మీదికి పోయింది, అంకుల్, మస్తు చేసిన్రుగానీ గిదేం డోలు, డబ్బా కొట్టినట్టుంది గదా, అఖిల నవ్వుతోంది, ఆయన నవ్వట్లేదు, ఆయన ఎడమ చెయ్యి ఆ నల్ల మీట మీద పడింది, దబ్ దబ్ దబ్, ఆగి, దబ్, షాపులో ఉన్న మూడువేల చప్పుళ్ళలో ఇది ఎందుకు దొరకలేదో అర్థమైంది, ఎవరూ రికార్డు చెయ్యలేదు గనక, విన్నది ఇద్దరే గనక, నాలుగు నెలలుగా ఆయన వెతికింది దీన్ని తయారుచేసే పెట్టెనన్నమాట, దబ్ దబ్ దబ్, ఆమె మొహంలోకి చూస్తున్నాడు, గడ్డం వైపు చూద్దామంటే ఆమె కళ్ళు కదలట్లేదు, చెయ్యి మీట మీద ఆగిపోయింది, నోరు పక్కకి లాగింది, ఆ, పు, అన్నాడు, వేలు ఆమె వైపు తిప్పాడు, అన్, నావ్, అన్నాడు, ఎడమ చేతిని తీసుకెళ్ళి ఒళ్ళో కుడిచేతి పక్కన పెట్టి, ఆ, పా, అన్నాడు.

ఏందాంటీ గట్లయిన్రు, మంచిగనే ఉన్నరా, అంటోంది అఖిల, మంచినీళ్ళు తేనా, ఇగ ఇదే ప్యాక్ జెయ్యాల్నా, ఊఁ, అన్నాడాయన, కోపం లేదు ఆ గొంతులో, క్షమించినట్టూ లేదు, కావలసింది దొరికిన మనిషి గొంతు అది, అట్టపెట్టెలో థర్మకోల్ కిర్రుమంటోంది, అద్దాల బయట ఆఫీసు బస్సులు ఒకదాని వెనకొకటి, వినబడిందన్నమాట, అంతా వినబడింది, ఆస్పత్రిలో చెప్పిందీ, మైకులో చెప్పిందీ, విని ఆమె చేత్తో పెట్టిన ముద్ద తిన్నాడు, అది ఎలాగో మోయొచ్చునేమో, మోయలేనిది ఇంకోటుంది, తెలివి తప్పింది గనకే ఆ రోజు చప్పుడు ఆగిందని ఇన్నాళ్ళూ తనకి తాను సర్దిచెప్పుకుంది, అలా అనుకునే నిద్రపోయింది, కాదు, ఆయనకి తెలివి ఉంది, ఆ చేతిలో సత్తువ ఉంది, ఇంకో పది దెబ్బలు కొట్టగలడు, ఇరవై ఆరేళ్ళు పాడేవాళ్ళు చాలంటే చాలు, పడబోయే దెబ్బని గాలిలోనే ఆపుకున్న చెయ్యి అది, ఆమె ఆపమంది గనక ఆపాడు.