మొద్దమ్మకు తెలీదు

“నెయిల్ కట్టర్ ఎక్కడ పెట్టావ్?”

ఎక్కడుంది అని అడగరు మా ఆయన. ఎక్కడ పెట్టావ్ అంటారు, నేనేదో కావాలని దాచినట్టు. గిన్నెలు తోముతూనే “రెండో సొరుగు, కొవ్వొత్తుల పక్కన” అంటాను. పంతొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లోని ప్రతి వస్తువూ నా బుర్రలోనే కాపురం చేస్తోంది. అత్తగారి కళ్లజోడు, పిల్లదాని టీకాల కార్డు, గీజరు గ్యారంటీ కాగితం. క్లినిక్‌లో నా ఉద్యోగమూ ఇదే. “ఆ రిపోర్టు ఏదమ్మా?” అంటారు డాక్టరుగారు. అది ఆయన మోచేతి కిందే ఉంటుంది. “మా కోడలిది బుర్ర కాదమ్మా, బీరువా” అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటారు. పొగిడిన ప్రతిసారీ ఆ బీరువాలో ఇంకో అర పెరుగుతుంది.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం నేను మొద్దమ్మను. చెల్లి ఇంట్లో డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే ఆట అది. చెల్లి కథ నడుపుతుంది. మేం తలా ఒక పాత్ర అయిపోయి, ఏం చేస్తామో చెప్పి పాచికలు వేస్తాం. చెల్లి మొగుడు, మా మరిది, మంత్రగాడు; పక్కింటి పళ్ల డాక్టరమ్మ దొంగ. నా పాత్ర మొద్దమ్మ ఏడడుగుల మనిషి. కాగితం మీద ఇరవైకి బలం పద్దెనిమిది, తెలివి నాలుగు. ఆ నాలుగు రాసుకున్న రోజు నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

వాళ్లిద్దరూ కోటలోకి ఎలా దూరాలా అని గుసగుసలాడుతుంటే, టేబుల్ మీద ఎండ మెల్లగా పాకుతుంటే, నేను మంచులో నడుస్తుంటాను. నా అరచేతులు చేటలంత. తలలో ఒక్క సొరుగూ లేదు, గాలి తప్ప. ఎంత హాయో! తలుపు కనిపిస్తే గుద్దేస్తాను. సోమవారం కుక్కర్ ముందు నిలబడితే కూడా ఆ మంచు ఒక్క క్షణం నా పాదాల దగ్గరికి వచ్చిపోతుంది.

పోయిన వారం అలా గుద్దిన తలుపు వెనక మూడు డ్రాగన్లున్నాయి. చావు తప్పి బయటపడ్డాం. ఈ వారం మరిది ఒక సీసా తెచ్చాడు, ఆటలోనే.

“వదినా, ఇది తాగితే మొద్దమ్మ తెలివి పద్దెనిమిది అయిపోతుంది. అసలు మీలాంటి మనిషికి ఈ తింగరి వేషం ఏంటి? ఇక మ్యాపు, తాళాలు, మందుల సంచి అన్నీ మీరే చూసుకోవచ్చు.”

“అవునక్కా, మీరు చూసుకుంటే మాకు బెంగుండదు” అంది డాక్టరమ్మ.

ఎంత ప్రేమగా అన్నారో! ఇక్కడ కూడానా? నాకున్నది ఈ ఒక్క మధ్యాహ్నం.

చెల్లి నా ముఖంలోకి చూసింది. “మొద్దమ్మా, ఏం చేస్తావ్?”

“మూత తీస్తా. అదిగో, కోటగోడ పక్కన ఆ మొక్కకు పోస్తా. పాపం, ఎండిపోయింది.”

“అయ్యో వదినా! ఆరు వారాలు తిరిగి సంపాదించానది!”

చెల్లి పాచిక వేసి, నవ్వాపుకోలేక, “మొక్కకు తెలివొచ్చేసిందండీ. మ్యాపు ఇటిమ్మంటోంది” అంది.

మరిది నవ్వలేదు. మ్యాపు మడిచి తన జేబులోనే పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి మా ఆయన గొంతు. “నెయిల్ కట్టర్ ఎక్కడ పెట్టావ్?”

రెండో సొరుగు, కొవ్వొత్తుల పక్కన. నాలుక చివరిదాకా వచ్చేసింది. మంచు గడప దాటి నాతోపాటు లోపలికొచ్చింది.

“తెలీదండీ.”

“తెలీదా? నీకా?”

“నాకే.”

తర్వాత, పంతొమ్మిదేళ్లలో మొదటిసారి, ఆయన సొరుగు లాగడం విన్నాను. లాగింది మొదటిది. నేను కదల్లేదు.