మరిది పసరు

ఆకు పసరుతో షుగరు కట్టేస్తానని మరిది ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ఊరు నమ్మాలంటే చూపించడానికి ఒక ఒళ్ళు కావాలి. వదిన ఒళ్ళు ఇంట్లోనే ఉంది.

"మాత్రలు మానెయ్ వదినా. మానితేనే నా మందు పనితనం తేలేది."

"తేలేది మందో, నేనో?" అందావిడ.

"నిన్ను ముంచుకుంటే నాకు అన్నం పెట్టేదెవరు?" అని నవ్వి గ్లాసు నోటికి అందించాడు.

ఆవిడ మొగుడు మెత్తని మనిషి. పెళ్ళాం పోతుందని భయం, తమ్ముడు అలుగుతాడని భయం. రెండు భయాలకూ మధ్య దారి వెతికి, ఆవిడకు రోజూ చాటుగా మాత్ర వేస్తూ వచ్చాడు. "వాడి ముచ్చట వాణ్ణి తీర్చుకోనీవే" అన్నాడు. పసరు నిజంగానే పనిచేస్తుందేమోనన్న ఆలోచన మొగుడూ పెళ్ళాల్లో ఒక్కరికీ రాలేదు.

పసరు తన కొట్లో అమ్మకానికి పెట్టే ముందు పొడుల దుకాణం షావుకారు చూడటానికి వచ్చిన ఉదయం, మరిది వదినను పరగడుపున కూర్చోబెట్టాడు. మాత్రా పసరూ అప్పటికే కడుపులో ఉన్నాయి. ఆవిడకు చెమటలు కారుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. వేలికి సూది గుచ్చి, చుక్క రక్తం మిషనుకు అంటించాడు.

"నలభై! చూశారా షావుకారు గారూ!"

"మనిషి వాలిపోతోందేమయ్యా?"

"మందు ఎక్కుతోందండీ. మొదట్లో అంతే."

మొగుడు వంటింట్లోకి పరుగెత్తి గుప్పెడు పంచదార తెచ్చాడు. తమ్ముడు గుమ్మంలోనే మణికట్టు పట్టుకున్నాడు.

"బుద్ధుందా అన్నయ్యా? ఇంకా ఎంత దిగుతుందో చూడొద్దూ? మధ్యలో తీపి పెట్టి నా పరువు తీస్తావా?"

మాత్ర సంగతి చెబితే షావుకారు ముందు తమ్ముడి తల తీసేసినట్టే.  మొగుడి గుప్పిట్లో పంచదార చెమటకు జిగురు తేలింది.

"ఏమం..." అంది ఆవిడ. ఆపైన మాట లేదు.

"రోజూ మాత్ర వేస్తున్నానురా!" అన్నాడు చివరికి.

షావుకారు చెప్పులు వేసుకున్నాడు. "మీ ఇంటి బాగోతం మీరే చూసుకోండి."

తమ్ముడు చెయ్యి వదిలి వీధిలోకి ఉరికాడు. "ఆగండి షావుకారు గారూ! మా అన్నకు మతి చెడింది! ఇంకోసారి చూపిస్తా!"

ఇక్కడ మొగుడు ఆవిడ నోట్లో పంచదార కుక్కుతున్నాడు. దవడలు బిగుసుకుపోయాయి. పంచదార పెదాల మీంచి చీర మీదికి రాలుతోంది.

తమ్ముడు షావుకారును రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. వదిన వేలు పైకెత్తి సూది గుచ్చాడు. రక్తం రాలేదు. గట్టిగా పిండాడు. రాలేదు.

"సూది మొద్దుబారిందండీ, పక్క వేలు చూద్దాం" అన్నాడు.