రిజిస్టరులో ఎర్రచుక్కలు

ఆ రోజు పొద్దున దాసప్ప ఇంట్లో ఎనిమిదిమంది ఉన్నారు. నడింట్లో కుర్చీలో పెనుకొండ నుంచి వచ్చిన చేపల ఆఫీసరు, ఆయన పక్కన మంచం మీద సొసైటీ ప్రెసిడెంటు ఓబుళప్ప, ఎదురుగా చాప మీద సొసైటీ సభ్యులు ఇద్దరు, గోడకానుకొని సెక్రటరీ దాసప్ప. వంటింట్లో దాసప్ప తల్లి ఈరక్క, పెండ్లాం కళావతి, కూతురు ఐశ్వర్య. కాఫీ గ్లాసులు మాత్రం ఐదే కడిగారు.

ఐశ్వర్య ఆ రోజు కాలేజీకి పోలేదు. మీటింగులో అనుకున్నవన్నీ రాయాలి కాబట్టి ఇంట్లో ఉండమని నాయన ముందురోజే చెప్పాడు. రాయడమంటే నడింట్లో కూర్చుని రాయడం కాదు. అందరూ లేచిపోయాక ఆయన చెప్పింది వంటింటి గడప దగ్గర కూర్చుని రాయడం. కింద సంతకం ఆయనది.

కళావతి కత్తిపీట ముందర కూర్చుని ఆఫీసరు భోజనానికి చేపలు కోస్తోంది. వాలుగ పొట్ట చీల్చగానే పసుప్పచ్చటి గుడ్లు జారి పళ్ళెంలో పడ్డాయి. "ఇదీ నిండు కడుపే," అంది మెల్లగా. ఐశ్వర్య పిండిడబ్బా వెనక దాచుకున్న నోటుబుక్కు తీసి, తేదీ వేసి, ఎర్రపెన్నుతో ఒక చుక్క పెట్టింది.

నిరుడు వానలకు ముందు ఇదే ఆఫీసరు మల్లెవంక చెరువుకు ఒక ప్లాను తెచ్చాడు. చేపను ఒక్కదాన్నే చూస్తే లాభం లేదు, చెరువంతా ఒకే ప్రాణం అన్నాడు. జమ్ము, నత్తలు, కొంగలు, పైనుంచి వాగులా వచ్చే వంక నీళ్ళు, చెరువు మీద బతికే మనుషులు, అన్నీ అందులో లెక్కేనన్నాడు. సన్నకన్ను వలలు వేయకూడదు. జమ్ములో చేప జోలికి పోకూడదు. ఎండాకాలంలో తూము తెరిచినా మోకాటిలోతు నీళ్ళు మిగల్చాలి. చేప గుడ్లు పెట్టే రెండు నెలలు, జూలై ఆగస్టు, వేట ఆపాలి. వారం వారం ఏ చేప ఎంత పడిందో, నీళ్ళెంత ఉన్నాయో రిజిస్టరులో రాయాలి. సొసైటీలో అందరూ తలలూపారు. రాసేదెవరు అన్నప్పుడు మాత్రం దాసప్ప వంటింటి వైపు చూశాడు. ఆ రోజు నుంచి ఇల్లు ఊడ్చడం, నీళ్ళు తేవడం లాగే రిజిస్టరు కూడా ఐశ్వర్య పనుల్లో ఒకటయింది. పిల్ల చేతిరాత ముత్యాల్లా ఉందని ఎవరో మెచ్చుకుంటే ఈరక్క, "ఆడపిల్లకి రాత బాగుండల్ల, నోరు కాదు," అంది. ఐశ్వర్యకు నోరు ఎప్పుడూ లేదు. క్లాసులో హాజరు పలకడానికి కూడా తల వంచుకునే పిల్ల.

రిజిస్టరు లెక్కల కోసం చెరువుకట్ట మీద చేపలు కోసే నలుగురు ఆడవాళ్ళ దగ్గరికి మొదట పోయినప్పుడు కూడా అంతే, ఏమీ అడగలేక దూరంగా నిలబడింది. వాళ్ళలో పెద్దది చౌడక్క, "ఏం మే, పుస్తకం పట్టుకోని కొంగ మాదిరి నిలబడుకోనుండావు, వచ్చి కూర్చో," అని పిలిచింది. నాలుగు వారాలు ఊరకే కూర్చుంది. ఐదో వారం గుడ్ల సంగతి చౌడక్కే చెప్పింది. "మొగోళ్ళు చేపని తక్కెట్లో చూస్తారు పాపా. మేం కడుపులో చూస్తాం." ఏ నెలలో ఏ చేప పొట్టలో ఏముంటుందో ఆ నలుగురు ఆడవాళ్ళకు తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. వాళ్ళనెవరూ అడగలేదు, అంతే. అప్పటినుంచి ఐశ్వర్య గుడ్ల చేప కనిపించిన ప్రతిసారీ ముందు తన నోటుబుక్కులో, తర్వాత రిజిస్టరు అంచున ఒక ఎర్రచుక్క పెడుతూ వచ్చింది.

ఏడాది తిరిగేసరికి ఆ చుక్కలే మాట్లాడాయి. జూలై ఆగస్టు పేజీల్లో, ఇంటికి పట్టుకొచ్చిన ఒకటీ అరా చేపల్లో, ఒక్క చుక్క లేదు. ఈ సీమలో అప్పటికి చెరువులో బురదే మిగులుతుంది, వలలు ఎటూ గూటాలకే వేలాడుతుంటాయి. వేట లేని నెలల్లో వేట మానడానికి ఎవరికి కష్టం? అందుకే ప్లాను ఒప్పుకున్న రోజు ఓబుళప్ప అందరికంటే ముందు చెయ్యెత్తాడు, గవర్నమెంటు మాట మీరకూడదని కూడా అన్నాడు. ఇక్కడ వాన వచ్చేది వినాయక చవితి దాటాక. కొండల్లో వాన పడి వంక పారిందంటే చేపలు ఆ కొత్తనీటికి ఎదురెక్కి, జమ్ము దాటి, పైకిపోయి గుడ్లు పెడతాయి. సరిగ్గా ఆ రోజే వంక చెరువులో కలిసే మొగలో అడ్డంగా వల కట్టడం తాతల నాటి పద్ధతి. ఆ చేప బరువుంటుందని మురిసిపోతారు. ఆ బరువేమిటో కత్తిపీట ముందర కూర్చున్నవాళ్ళకు తెలుసు.

వారం కిందట ఐశ్వర్య ఈ సంగతి నాయనకు చెప్పింది, ఆయన అన్నం తినేటప్పుడు, పక్కన నిలబడి. తేదీలు పైనుంచి వచ్చాయని, నీకంటే చదువుకున్నోళ్ళు రాశారని ఆయన అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ ఇంకో మాట కూడా అన్నాడు. "రాసేది నీ పని. అర్థం చేసుకునేది మా పని."

అప్పుడు అమ్మ పక్కనే అన్నం వడ్డిస్తోంది. అమ్మ ఎప్పుడూ ఏమీ అనదు. వలలు అల్లేది, తెగితే కుట్టేది, గంపలు ఆటోలోకెత్తుకొని ధర్మవరం పోయి, ఎండలో కూర్చుని చేపలు కోసి అమ్మేది అమ్మే. సొసైటీలో పేరు మాత్రం నాయనది. ఒకసారి, ఐశ్వర్య చిన్నప్పుడు, నన్ను కూడా మెంబరుగా చేర్చుకోండని అమ్మ అడిగింది. ఓబుళప్ప నవ్వి, "నీకు ఈత వచ్చా మే?" అన్నాడు. అందరూ నవ్వారు, నాయన కూడా. అమ్మకు ఈత వచ్చు. పుట్టింటి ఊళ్ళో ఈ చెరువంత చెరువును ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదేది. ఆ సంగతి ఈ ఇంట్లో ఐశ్వర్యకు తప్ప ఎవరికీ తెలియదు. వచ్చు అని అమ్మ ఆ రోజు ఎందుకు చెప్పలేదని ఐశ్వర్య చాలా రోజులు ఆలోచించింది. వచ్చని చెప్పినా నవ్వేవాళ్ళేనని ఇప్పుడనిపిస్తోంది. అడిగింది తెలుసుకోవడానికి కాదు కదా.

రాత్రి కొండల్లో వాన పడింది. పొద్దున్నే వంక పారుతోందన్న మాట వచ్చింది. మొగలో కట్టడానికి సన్నకన్ను వల వాకిట్లో మడిచి పెట్టి ఉంది, దాని మీద ఆఫీసరుకు కనపడకుండా గోనెపట్ట కప్పారు. సాయంత్రం కడతారు.

ఐశ్వర్య కాఫీ తీసుకొని గడప దాటేసరికి ఆఫీసరు రిజిస్టరు తిరగేస్తున్నాడు. జిల్లాలో ఇంత శుభ్రంగా రాసిన సొసైటీ ఇంకొకటి లేదని మెచ్చుకున్నాడు. దాసప్ప సిగ్గుపడినట్టు నవ్వాడు. ప్లాను ఇంకో ఏడాది ఇవే తేదీలతో నడుపుతామని తీర్మానం రాసి సంతకాలు పెడితే పని అయిపోయిందని ఓబుళప్ప తొందరపెట్టాడు. అంతలో ఆఫీసరు వేలు పేజీ అంచున ఆగింది.

"ఈ ఎర్రచుక్కలేంది దాసప్పా?"

దాసప్ప మెడ చాచి చూశాడు. తన పేరు మీద ఏడాది పాటు నడిచిన పుస్తకాన్ని ఆయన చూడటం బహుశా అదే మొదలు. "మా పాప పెన్నుతో ఆడుకునింటాది సార్," అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ నవ్వు ఐశ్వర్యకు తెలుసు. నీకు ఈత వచ్చా అన్న రోజు నవ్వే. కాఫీ గ్లాసులు అందరికీ అందించింది. ఖాళీ పళ్ళెం కింద పెట్టింది.

"ఆడుకోలేదు సార్. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క గుడ్ల చేప."

గొంతు సన్నగానే వచ్చింది, కానీ వచ్చింది. తర్వాత మాటలు వాటంతటవే నడిచాయి. వంగి పేజీలు తిప్పి చూపించింది. జూలైలో తెల్లగా ఉన్న అంచులు, నిరుడు వంక పారిన వారంలో సందు లేకుండా ఎర్రబడ్డ అంచు. వేట ఆపాల్సింది ఇప్పుడని, ఈ సాయంత్రం మొగలో వల కడితే ఆపిన రెండు నెలలూ దండగేనని చెప్పింది. ఆఫీసరు ఆ పేజీల తేదీలు సరిచూసుకున్నాడు. ఎవరు చెప్పారని అడిగాడు.

"కోసేవాళ్ళు, సార్."

"చేపలు కోసే ఆడోళ్ళ మాట మీద చెరువు మూసుకుంటామా సార్?" అన్నాడు ఓబుళప్ప.

పిల్ల చెప్పింది నిజంలాగే ఉందని ఆఫీసరు ఒప్పుకున్నాడు. తేదీలు మార్చుకునే హక్కు సొసైటీకే ఉందని, మెంబర్లు తీర్మానం చేయాలని అన్నాడు. మెంబర్ల వైపు చూశాడు. వాళ్ళు చాప పోగులు చూసుకున్నారు. వచ్చే ఏడాది చూద్దాంలే అన్నాడు ఓబుళప్ప. ఆఫీసరు వాచీ చూసుకొని, మీరు మీరు మాట్లాడుకోండి అంటూ పెన్ను మూత తీశాడు.

అంటే చెరువు సంగతి తెలిసినవాళ్ళు మెంబర్లు కారు. మెంబర్లయినవాళ్ళకు తెలుసుకోవాలని లేదు. ఐశ్వర్య వంటింటి వైపు చూసింది. కత్తిపీట, దాని ముందు అమ్మ. ఈ ఊళ్ళో మగవాడు కత్తిపీట ముందర కూర్చోడు, కూర్చుంటే పరువు పోతుంది. ధర్మవరం బజారులో కోయని చేప అమ్ముడుపోదు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ కళ్ళముందే ఉంది.

"మీరు వల కట్టుకోండి నాయనా," అంది. "ఆ చేపల్ని కోయద్దని నేను చౌడక్కోళ్ళకి చెప్తా. మీరే కూర్చోని కోసుకోండి."

చాప మీద ఒకాయనకు కాఫీ పొలమారింది. దాసప్ప లేచాడు. ఆఫీసరు ముందర చెయ్యి ఎత్తలేక, వంటింటి వైపు తిరిగి అరిచాడు. "కళావతీ, ఈ పిల్లని నెట్టుకపోయి తలుపు ముయ్యి."

కళావతి లేచొచ్చింది. చేతులకు పొలుసులు అలాగే ఉన్నాయి. కూతురి రెట్ట పట్టుకుంది. అయిపోయిందనుకుంది ఐశ్వర్య. ఆ పట్టు గట్టిది, నీళ్ళలో మునిగేవాళ్ళను పట్టుకునే పట్టు. కానీ లాగింది వంటింట్లోకి కాదు. నడింట్లో అందరి మధ్య నుంచి, మామూలుగా నడిచినట్టే నడిచి, వీధి తలుపు దాకా తీసుకుపోయింది. నడుముకు దోపుకొచ్చిన నోటుబుక్కు తీసి కూతురి చేతిలో పెట్టింది. వెనక నుంచి ఈరక్క, "యాడికే?" అంటోంది.

"మొగలో పడే చేపలకి మన కత్తిపీట గూడా లేయదని చెప్పు చౌడక్కకి," అంది కళావతి.

మొగుడు చెప్పినట్టే తలుపు మూసింది. గడియ కూడా పెట్టింది. ఐశ్వర్య బయట ఉంది.